పదిహేనో వచనం దగ్గర

ఆ శుక్రవారం బద్రా జరూఫీ మెంతుల నీళ్లు మార్చడం మరిచిపోయింది.

ముందురోజు నానబోసిన మెంతులు అవి. పొద్దున్నే నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి, చేదు విరిగాక మెత్తగా నూరి, తెల్లటి నురగ వచ్చేదాకా గిలకొట్టాలి. రోష్ హాయిన్‌లో యెమెన్ నుంచి వచ్చి స్థిరపడిన యూదుల ఏ ఇంట్లో చూసినా, శుక్రవారం సూర్యాస్తమయంతో వచ్చే సబ్బాతు విశ్రాంతికి ముందు మొదలయ్యే మొదటి పని అదే. కొత్తిమీర కట్ట అడగడానికి వచ్చిన పక్కింటి లూలువా గిన్నెలోకి తొంగి చూసి ముక్కు మూసుకుంది.

"ఇవి మెంతులా, మురుగునీళ్లా? నీ ధ్యాస ఎక్కడుందే?"

"బల్ల మీద" అంది బద్రా.

వంటింటి బల్ల మీద పుస్తకం ఉంది. ఒక పక్క కుర్చీలో భర్త హారూన్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎవరో తలుపు కొడతారని ఎదురు చూస్తున్నవాడిలా కూర్చున్నాడు. ఎవరూ రారని ఆయనకూ తెలుసు.

తమ ధర్మగ్రంథం తోరాను ఏడాదికి సరిపడా భాగాలు చేసి, వారానికొక భాగం చదవడం వాళ్ల ఆచారం. ప్రార్థనాలయంలో అందరితో కలిసి వినేది వేరు. ఇంట్లో ఎవరికి వారు ప్రతి వచనాన్నీ హీబ్రూలో రెండుసార్లు, దాని అరామిక్ అనువాదాన్ని ఒకసారి చదువుకుని, సబ్బాతు మధ్యాహ్న భోజనానికి ముందు ముగించాలి. హారూన్ తొమ్మిదో ఏట మొదలుపెట్టాడు. యెమెన్ వదిలి వస్తూ ఏడెన్ రేవులోని శిబిరంలో జ్వరంతో పడుకున్నప్పుడూ ఆపలేదు. ఈ ఊరు ఇంకా గుడారాల వరుసగా ఉన్న రోజుల్లో, చలికాలపు వాన గుడారం పైకప్పును లాక్కుపోయిన వారం కూడా తప్పలేదు. అప్పుడు బద్రా గొంగడి పట్టుకుంటే దాని కింద చదివాడు.

ఆ వేసవి చివర్లో ఆయన చూపు పోయింది. నీటికాసులు. కుడికన్ను ఎప్పుడో పోయిందట, ఆయనకే తెలియలేదు. ఎడమ కన్ను మూడు వారాల్లో ఆరిపోయింది. మిగిలింది వెలుతురుకూ చీకటికీ తేడా మాత్రమేనని, అది కూడా ఎంతకాలమో చెప్పలేమని డాక్టరు చెప్పాడు. హారూన్ డాక్టరును ఇంకేమీ అడగలేదు. ఆయన అడిగిన ఒకే ఒక్క ప్రశ్న మోరి దావూద్‌ను. మోరి అంటే గురువు. వీధి చివర ప్రార్థనాలయం ఆయన చూసుకుంటాడు, పిల్లలకు అక్షరాలు నేర్పుతాడు.

"మోరీ, నాకు చాలావరకు కంఠతా వచ్చు. కళ్లు మూసుకునే చెప్పేసుకోనా?"

"రాసి ఉన్నదాన్ని చూసి చదవాలి హారూన్. అది నీకూ తెలుసు. నోటికి వచ్చింది కదా అని పుస్తకం మూసేస్తే, ఒక్క అక్షరం జారినా పట్టుకునేదెవరు? చూసి చదివే మనిషి పక్కన కూర్చుని విను. చెల్లుతుంది."

"కంఠతా చెబితే?"

"చెల్లదు."

అందుకని కొడుకు జెకర్యా గురువారం గురువారం వచ్చి చదివేవాడు. జెకర్యాది బస్సు డ్రైవరు ఉద్యోగం. చదవడం కూడా బస్సు నడిపినట్టే చదివేవాడు, స్టాపు స్టాపుకీ ఆగుతూ, అరామిక్ వచ్చిన చోటల్లా కుదుపులిస్తూ. హారూన్ పళ్లు బిగబట్టి వినేవాడు. గొంతు లోపలి నుంచి పలకాల్సిన అక్షరాన్ని కొడుకు పెదవుల మీద తేల్చేసినప్పుడు మాత్రం ఉండబట్టలేక, "ఒరే, అది అక్షరంరా, పొద్దుతిరుగుడు గింజ కాదు నమిలి ఉమ్మెయ్యడానికి" అనేవాడు. ఏమైతేనేం, వారాలు గడిచాయి. ఈ వారం జెకర్యాకు రిజర్వు సైన్యం నుంచి పిలుపు వచ్చింది. పొరుగు మగవాళ్లను అడగడానికి హారూన్‌కు నోరు రాలేదు. శుక్రవారం పూట ఎవడి పాఠం వాడికే బరువు. మోరికి కబురు పెడతానంటే పెళ్లాన్ని కసిరాడు.

ఈ వారం భాగం ప్రళయం నాడు ఓడ కట్టిన నోవహు కథ. శుక్రవారం పొద్దెక్కింది. ఒక్క వచనం కూడా చదవలేదు.

బద్రా గురించి చెప్పాలంటే ఆమె పుట్టిన కొండపల్లె నుంచి మొదలుపెట్టాలి. అక్కడ ఆడపిల్లలు నీళ్లు మోయడం, గోధుమలు విసరడం, పాటలు కట్టడం నేర్చుకునేవాళ్లు. అక్షరాలు మగపిల్లలవి. ఆమె పాటల్లో దిట్ట. పెళ్లిలో గోరింటాకు రాత్రి ఆడవాళ్లు పాడే పొడవాటి పాటను ఒకసారి వింటే చాలు, మర్నాడు మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పేది. పద్నాలుగో ఏట హారూన్‌తో పెళ్లయింది. అతనిది వెండిపని. ఈ దేశం వచ్చాక వెండి ఎవరికీ అక్కర్లేకపోయింది. అతను నారింజ తోటల్లో పెట్టెలు మోశాడు, రోడ్లు వేశాడు. ఆమె ఇరవై ఏళ్లకు పైగా పెతాహ్ తిక్వా పట్టణానికి బస్సెక్కి వెళ్లి ఇతరుల ఇళ్లలో నేల తుడిచింది. ముగ్గురు పిల్లల్ని పెంచింది. సంతకం అవసరమైన చోట వేలిముద్ర వేసేది. ఎవరైనా చదువు సంగతి అడిగితే, "మా ఇంట్లో ఆయన చదువుతాడు, అందరికీ సరిపోతుంది" అనేది.

హారూన్ చదివే తీరు వేరు. వాళ్ల పల్లెలో పిల్లలు ఎక్కువ, పుస్తకం ఒక్కటి. గురువు నేల మీద పుస్తకం తెరిచి కూర్చుంటే పిల్లలు చుట్టూ కూర్చునేవారు. గురువు పక్కన కూర్చున్నవాడు నిటారుగా చదవడం నేర్చుకునేవాడు. కుడి, ఎడమ వైపులవాళ్లు పక్కనుంచి చదివేవారు. హారూన్‌కు దొరికిన చోటు సరిగ్గా గురువుకు ఎదురుగా. అతనికి అక్షరాలన్నీ తలకిందులుగానే పరిచయమయ్యాయి. తర్వాత నిటారుగా చదవడమూ వచ్చింది. ప్రార్థనాలయంలో పేరు పెట్టి పిలిస్తే తోరా రాసిన తోలు చుట్ట ముందు నిలబడి అందరిలాగే చదివేవాడు. ఇంట్లో తన కోసం చదువుకునేటప్పుడు మాత్రం పుస్తకాన్ని తలకిందులుగా పెట్టుకునేవాడు. "కొత్త చెప్పులు వేసుకుని ఊరంతా తిరగొచ్చు. ఇంటికొచ్చాక విప్పేయాలిగా" అనేవాడు.

అలా దాదాపు నలభై ఏళ్లు ఆయన బల్లకు ఒక పక్క, ఆమె మరో పక్క. ఆమె పప్పులో రాళ్లు ఏరేది, చొక్కాలకు బొత్తాలు కుట్టేది, పచ్చడికి మిరపకాయల తొడిమలు తీసేది. ఆయన దానిమ్మ పుల్లతో అక్షరాలను తాకుతూ రాగం తీసేవాడు. తలకిందుల పుస్తకం గనక పుల్ల ఆయన దగ్గర మొదలై, వరుస వరుసకూ బల్ల మీద ఆమె వైపు నడిచి వచ్చేది. పేజీ అడుగుకు వచ్చేసరికి పుల్ల కొస ఆమె పప్పుచాటకు తగిలేది. "జరుపు" అనేవాడు. ఆమె చాట జరిపేది, ఆయన పేజీ తిప్పేవాడు.

కిందటి గురువారం దాకా ఆమె దీని గురించి ఏమీ అనుకోలేదు.

కిందటి గురువారం జెకర్యా తండ్రి కుర్చీలో కూర్చుని పుస్తకాన్ని తనవైపు తిప్పుకున్నాడు. అంతకుముందు వారాల్లో అతను వరండాలో తండ్రి మంచం పక్కన కూర్చుని చదివేవాడు. ఆ రోజు వాన పడడంతో బల్ల దగ్గరకు వచ్చారు. బద్రా ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుని వెల్లుల్లి వలుస్తూ పేజీ మీదికి చూసింది. చూపు ఎక్కడా నిలవలేదు. అక్షరాలు అక్షరాల్లా లేవు. తొక్కిన చీమల పుట్టలా ఉంది పేజీ.

"ఇదేంట్రా, పుస్తకం తలకిందులుగా పెట్టావు?"

"తలకిందులు కాదమ్మా. నాన్న పెట్టేదే తలకిందులు. పుస్తకం పెట్టాల్సింది ఇలాగే."

"నాకేం తెలియడం లేదు."

జెకర్యా నవ్వాడు. "నీకు తెలియాల్సిందేముందమ్మా అందులో?"

వెల్లుల్లి ముందు పెట్టుకుని అలాగే కూర్చుంది. నాకేం తెలియడం లేదు అన్న మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. ఇవాళ తెలియడం లేదంటే ఇన్నాళ్లూ ఏదో తెలిసిందనేగా. కొడుకు వెళ్లిపోయాక, హారూన్ నడుం వాల్చాక, చేతులు కడుక్కుని, తుడుచుకుని, పుస్తకాన్ని మెల్లగా తనవైపు తిప్పుకుంది. ఒక్కసారిగా అన్నీ తమ తమ చోట్లకు వచ్చి కూర్చున్నాయి. మొదటి వరుస మొదటి మాట చూసింది. ఆ మాట చెవిలో మోగింది. తర్వాతి మాట మీదికి చూపు జరిపింది. అదీ మోగింది. అక్షరం కింద చుక్క ఉంటే ఒకలా, గీత ఉంటే మరోలా. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఆమె పుస్తకం మూసి, దాని మీద చెయ్యి పెట్టి, కొంతసేపు ఆ చెయ్యి తీయలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అది ఏమిటో ఆమెకు తెలియాలి కదా.

ఈ శుక్రవారం లూలువా కొత్తిమీర పట్టుకుని వెళ్లిపోయాక బద్రా చేతులు తుడుచుకుని తన చోట కూర్చుంది.

"జెకర్యా నాన్నా, నేను చదవనా?"

హారూన్ మొహం గొంతు వచ్చిన వైపు తిరిగింది. "ఏం చదువుతావు?"

"నోవహు."

"నువ్వా?" నవ్వాడు. నవ్వులో వెటకారం లేదు, అలసట ఉంది. "నువ్వు చదవడం కాదే, అప్పజెబుతావు. నలభై ఏళ్లు విన్నావు. మనింటి పిల్లి విన్నా ఈపాటికి అప్పజెప్పేది."

"పిల్లి పుస్తకం వైపు చూడదుగా."

"నువ్వు చూశావా?"

"ఎదురుగా పెట్టుకున్నది నువ్వేగా. ఇంకెక్కడ చూడను?"

ఆమె దానిమ్మ పుల్ల తీసుకుంది. పుస్తకం ఆయన అలవాటు ప్రకారం ఆయనవైపు తలకిందులుగానే ఉంది. ఆమెకు అది నిటారు. భాగం మొదలయ్యే చోటును వెతికి పట్టుకుంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. నోవహు తన తరంలో మంచివాడని చెప్పే వచనం. రెండుసార్లు హీబ్రూ, ఒకసారి అరామిక్. తర్వాతది. ఆ తర్వాతది. ఆమె మాట తడబడలేదు. ప్రతి అక్షరమూ హారూన్ పలికే చోటు నుంచే పలికింది. ఇంకెలా పలకాలో ఆమెకు తెలియదు.

కొన్ని వచనాలయ్యాక హారూన్ చెయ్యెత్తాడు.

"ఆగు. నిజం చెప్పు. అది నీ నోట్లోంచి వస్తోందా, కాగితం మీంచి వస్తోందా?"

బద్రా పుల్ల వైపు చూసింది. ఆమెకు తెలియలేదు. చూపూ గొంతూ కలిసే నడుస్తున్నాయి. కాడికి కట్టిన రెండెద్దుల్లో బండిని ఏది లాగుతోందో బండిలో కూర్చున్నవాళ్లు ఎలా చెబుతారు?

"తెలీదయ్యా."

"తెలీకపోతే ఎలా?"

"తెలీదంటున్నా కదా. చూస్తున్నా, వస్తోంది."

ఆయన వేళ్లతో పుస్తకం అంచు తడిమి, ఒక బొత్తి పేజీలు తిప్పాడు. "ఇక్కడ చదువు." ఆమె చదివింది. ఇంకో బొత్తి తిప్పాడు. "ఇక్కడ." అక్కడా చదివింది. హారూన్ మొహంలో వెలుగు రాలేదు. అదే చిక్కు. ఆ పుస్తకంలో ఆమె వినని వాక్యం ఒక్కటీ లేదు. ఎక్కడ తెరిచినా అది ఆయన ఆమె ముందు ఏడాదికోసారి చదివిందే. మాట అందుకోవడానికి ఒక్క అక్షరం గుర్తుపడితే చాలు, మిగతాది జ్ఞాపకం పాడేస్తుంది. పరీక్ష పెట్టడానికి ఆ ఇంట్లో ఇంకో పుస్తకం లేదు. ఉన్న ప్రార్థన పుస్తకమూ ఆమెకు నోటికి వచ్చు.

"వద్దులే బద్రా" అన్నాడు చివరికి. "చదువో అప్పగింతో తెలియనిదాన్ని చదువని చెప్పి వారం గట్టెక్కించను. తప్పిందని ఒప్పుకుంటా. యాభై ఏళ్లకు పైగా నిలిచింది. ఈ వారంతో పోయింది. ఏం చేస్తాం."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. చొక్కా చిరిగిందన్నంత మామూలుగా. తర్వాత పుస్తకం మూయడానికి బల్ల మీద చెయ్యి చాచాడు. ఆ చెయ్యి అట్ట కోసం వెతుక్కోవడం చూసిన బద్రాకు, మూసేలోపల ఇంకేదో ఒకటి మాట్లాడాలనిపించింది.

"ఒకటి అడగనా? కోప్పడవుగా?"

"అడుగు."

"వచనం మొదట్లో అంచున చిన్న చిన్న అక్షరాలుంటాయి. నువ్వెప్పుడూ వాటిని పైకి చదవవు."

ఆయన చెయ్యి ఆగింది. "ఉంటాయి. అయితే?"

"అవి అంకెలేగా? క్యాలెండర్లో తేదీలకు అక్షరాలు వేసినట్టే."

"అయితే?"

"ఇవాళ్టి పాఠం తొమ్మిదితో మొదలైంది. తర్వాత పది. ఆ తర్వాత పదీ ఒకటి, పదీ రెండు, పదీ మూడు, పదీ నాలుగు. అంతవరకు బాగానే ఉంది. ఓడ పొడవెంత, వెడల్పెంత అని కొలతలు చెప్పే చోట పదీ అయిదు రావాలా? రాలేదు. తొమ్మిదీ ఆరూ వేశారు. కిరాణా కొట్టువాడి క్యాలెండర్లో పౌర్ణమి నాడూ ఇంతే. వాడు క్యాలెండరు ఊరికే ఇస్తాడు కదా, ఊరికే ఇచ్చినదాంట్లో తప్పులుండవా అని సర్దుకుపోయా ఇన్నేళ్లూ. ఒకసారి వాడితో అన్నాను కూడా, మీ అచ్చువాడికి లెక్కలు రావని. వాడు నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. మరి పుస్తకంలో కూడా అదే తప్పేంటి?"

బయట ఎవరింట్లోనో పిండి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎవరు చెప్పారు నీకిది?"

"ఎవరు చెబుతారు? కనబడుతోంది."

"నేను ఎప్పుడైనా పైకి అన్నానా? తొమ్మిదీ ఆరూ అని?"

"నువ్వెప్పుడూ అనలేదు. అందుకేగా అడుగుతున్నా."

ఆయన రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు. ఎప్పుడూ నోటితో పలకనివి అవి. ఆయన గొంతు నుంచి ఆమె చెవికి చేరే దారే లేనివి. కాగితం మీద నుంచి కంటికి తప్ప ఇంకెలాగూ అందనివి.

"బద్రా" అన్నాడు. "అది తప్పు కాదే. పదినీ అయిదునూ పక్కపక్కన పెడితే దేవుడి పేరులో సగం అవుతుంది. ఆయన పేరుతో మేకలు లెక్కపెట్టకూడదు, పేజీలు లెక్కపెట్టకూడదు. అందుకని ఆ రెండక్షరాలను లెక్కలో కలవనివ్వరు. తొమ్మిదీ ఆరూ వేస్తారు. మొత్తం అంతేగా."

"పదహారుకు?"

"చూడు."

ఆమె పేజీలు మళ్లీ నోవహు దగ్గరికి తిప్పి, పుల్లను పదిహేను కిందికి జరిపింది. "తొమ్మిదీ ఏడూ."

"అదీ అంతే. పదీ ఆరూ కలిసినా ఆయన పేరులోదే."

"అయితే ఆ క్యాలెండరువాడు కూడా..."

"క్యాలెండరువాడూ, సమాధి రాళ్లు చెక్కేవాడూ, బడిలో చిన్నపిల్లల పుస్తకాలు అచ్చు వేసేవాడూ. ఎక్కడున్నా సరే. మన యెమెన్ కొండల్లోనూ ఇంతే, చలిదేశాల నుంచి వచ్చినవాళ్లకూ ఇంతే. అందరూ అక్కడికొచ్చి పక్కకు తప్పుకుని వెళతారు."

బద్రా ఆ రెండక్షరాల వైపు చూసింది. దారిలో పెద్దాయన పడుకుని ఉంటే కాళ్లు దాటకుండా చుట్టూ తిరిగి వెళతారు చూడండి, లోకంలోని లెక్కలన్నీ అలా చుట్టూ తిరిగి వెళుతున్నాయి. కిరాణా కొట్టులో ఊరికే ఇచ్చే క్యాలెండరు కూడా. ప్రతి పౌర్ణమికీ తన వంటింటి గోడ మీద అది జరుగుతూనే ఉంది. తను దాని కిందే నిలబడి ఉల్లిపాయలు కోసింది. అచ్చువాడిది తప్పని నవ్వుకుంది కూడా. చూస్తున్నానని తనకే తెలియకుండా చూసినవి ఇంకెన్ని ఉన్నాయో?

"ఆయనకు కోపం వస్తుందా?" అంది మెల్లగా.

"ఎవరికి?"

"తప్పనుకున్నందుకు."

"ఎవరూ చెప్పకుండా అంతదాకా వచ్చినదాని మీద కోపమెందుకొస్తుంది? చదువు. ఎక్కడ ఆపావో అక్కణ్నించి కాదు. మొదటి నుంచి చదువు. ఇందాకటిది నేను సగం మనసుతో విన్నా."

ఆమె మొదటి నుంచి చదివింది. కొత్తగా నడక నేర్చిన పిల్లలా నెమ్మదిగా నడిచింది చదువు. ఇప్పుడు ఆమెకు చూపు ముందు నడవడం తెలుస్తోంది. గొంతు వెనక వస్తోంది. వానలు మొదలయ్యే చోటుకు వచ్చేసరికి లూలువా మళ్లీ వచ్చింది, చేతిలో తన ఇంట్లో నురగ కట్టిన మెంతుల గిన్నెతో. గుమ్మంలో నిలబడి నోరు తెరిచింది. హారూన్ కాళ్లు చాపుకుని వింటున్నాడు. చదివేది బద్రా.

"అమ్మో అమ్మో. ఈ ఇంట్లో మగాడెవరు, ఆడదెవరు? మోరి బద్రా గారికి మెంతులు పట్టుకొచ్చా, ఎక్కడ పెట్టమంటారు?"

"అక్కడ పెట్టి నోరు మూసుకుని కూర్చో" అన్నాడు హారూన్. "నోవహును ఓడెక్కిస్తోంది. జంతువులన్నీ జతలు జతలుగా ఎక్కేశాయి. నీకూ ఒక చోటుంది."

"నాకు జత ఎక్కడిది, పోయి పదేళ్లయింది" అంటూ లూలువా గడప మీదే కూర్చుంది. ఒక వచనం వింది. రెండు వింది. తన కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత లేచి, బద్రా పొయ్యి మీది కుండ మూత తీసి చూసి, సబ్బాతు రొట్టెల పిండి తనే చుట్టడం మొదలుపెట్టింది.

సూర్యుడు దిగబోయేసరికి నాలుగింట మూడు వంతులు అయ్యింది. బద్రా దీపాలు వెలిగించింది. మిగతాది రేపు భోజనానికి ముందు ముగిస్తే సరిపోతుంది. ఆ రాత్రి హారూన్ బాగా నిద్రపోయాడు. ఆమె పోలేదు.

మర్నాడు ప్రార్థన అయ్యాక మోరి దావూద్ హారూన్‌ను చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిపించుకొచ్చాడు. బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. బద్రా ఎదురుగా కూర్చుని ఉంది. మోరిని చూడగానే లేచి నిలబడింది.

"కూర్చో" అన్నాడు హారూన్. "మోరీ, కాసేపు ఉంటావా? ఇంకా నాలుగో వంతు ఉంది. అది చదువుతుంది, నేను వింటా."

"ఆయన ముందా? ఛ, నావల్ల కాదు."

"కిటికీ వైపు తిరుగుతాలే" అన్నాడు మోరి. నిజంగానే తిరిగి కూర్చున్నాడు. ఆయనకు డెబ్బై దాటాయి. మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఒరిగి కూర్చునే మనిషి.

ఆమె చదివింది. ఇటుకలు కాల్చి ఆకాశాన్నంటే గోపురం కట్టబోయిన మనుషుల కథ. వాళ్ల భాషలు కలగాపులగమై ఒకడి మాట ఒకడికి తెలియకుండా పోయే చోటు. కిటికీ వైపు మొహం పెట్టిన మోరి తల ఆ రాగానికి కొంచెం కొంచెం ఊగింది. కథ ముగిసి, ఎవరు ఎవరిని కన్నారో చెప్పే పేర్ల వరుస మొదలయ్యే ముందు ఆయన అడిగాడు.

"చూసే చదువుతోందా?"

"చూసే" అన్నాడు హారూన్. "అంచుల్లో అంకెలతో సహా. పదిహేను దగ్గర ఆగి, ఇలా ఎందుకు రాశారని నన్నడిగింది."

మోరి కిటికీ నుంచి ఇటు తిరిగాడు. బద్రా తల దించుకుంది.

"నువ్వెక్కడ నేర్చుకున్నావమ్మా?"

"ఇక్కడే. బల్లకు ఇటు పక్క."

మోరి బల్ల వైపు చూశాడు. పుస్తకం ఎటు తిరిగి ఉందో చూశాడు. హారూన్ కుర్చీ చూశాడు, ఆమె కుర్చీ చూశాడు. ఆయన కూడా ఒకప్పుడు ఒక్క పుస్తకం చుట్టూ కూర్చున్న పిల్లల్లో ఒకడే. వివరంగా చెప్పాల్సిన పని లేకపోయింది. చేతులు రెండూ కళ్లకు అద్దుకున్నాడు.

"చెల్లుతుంది" అన్నాడు. "కానివ్వు, ఆపకు. భోజనం ఎక్కడికీ పోదు."

ఆయన వెళ్లిపోకుండా చివరిదాకా కూర్చున్నాడు. పేర్ల వరుస కష్టం. ఒక్కో పేరూ ఒక్కో రాయి. రెండు చోట్ల ఆగింది, కూడబలుక్కుంది. ఒకచోట హారూన్ అందించబోతే మోరి ఆయన మోచేయి నొక్కి ఆపాడు. ఆ పేరును బద్రా తనే చదివింది. చివరి వచనం రెండుసార్లు, అరామిక్ ఒకసారి. పుల్ల కింద పెట్టింది. హారూన్ గడ్డం తడిసింది.

ఆమె ఇంకా పేజీ వైపే చూస్తోంది. పాఠం అయిపోయాక కింద ఇంకా ఒక చిన్న వరుస మిగిలింది.

"ఇదేంటి? ఇదీ నువ్వు ఎప్పుడూ చదవలేదు. మూడక్షరాలు. చివరిది మూడు. ముందు రెండింటి విలువ నాకు తెలీదు. క్యాలెండర్లో అంతదాకా రాదు."

"క్యాలెండరు ముప్పైతో ఆగిపోతుంది. నెలకు అంతకన్నా రోజులు లేవుగా" అన్నాడు హారూన్. "అక్షరాలు పదిదాకా ఒకట్లు. ఆ తర్వాత పదులు, ఇరవై, ముప్పై, నలభై, అలా తొంభైదాకా. ఆ తర్వాత వందలు. మొదటి అక్షరం వంద. రెండోది యాభై."

"వందా, యాభై, మూడు." బద్రా వేళ్లు ముడిచింది. "నూట యాభై మూడు. ఏంటవి?"

"ఈ వారం వచనాలు. ఎప్పటివాళ్లో కూర్చుని లెక్కపెట్టారు. ఒక్కటి కూడా పెరగకూడదు, తరగకూడదు అని. ఆ లెక్క మళ్లీ మరిచిపోకుండా పక్కన ఒక పేరు రాశారు చూడు. ఎడారిలో దేవుడి గుడారం కట్టిన పనివాడి పేరు. దాని అక్షరాలు కూడు."

మోరి ఒక్కో అక్షరం విలువ చెబుతుంటే ఆమె కూడింది. రెండు. తొంభై. ముప్పై. ఒకటి. మళ్లీ ముప్పై. రెండుసార్లు కూడింది. రెండుసార్లూ నూట యాభై మూడే వచ్చింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, చెంప మీద చెయ్యి పెట్టుకుంది. నూట యాభై మూడు వచనాలకు ఒక మనిషిని కాపలా పెట్టారు. వడ్రంగిని. ఎన్ని వందల ఏళ్లుగా అక్కడ నిలబడి ఉన్నాడో. తన పప్పుచాట అంచు ఆయనకు ఎన్నిసార్లు తగిలిందో.

"ప్రతి వారానికీ ఇలా ఒకరుంటారా?"

"ప్రతి వారానికీ."

మోరి లేచి చెప్పులు వేసుకున్నాడు. లూలువా గుమ్మంలోంచి తొంగి చూసి, ఇవాళ ఈ వీధిలో తిండి పెడతారా పెట్టరా అని అడిగింది. బద్రా వినిపించుకోలేదు. వేలు తడి చేసుకోకుండా, అంచులు నలగకుండా పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ, వచ్చే వారం భాగం ఎక్కడ ముగుస్తుందో వెతుకుతోంది.

"దొరికిందా?" అన్నాడు హారూన్.

"దొరికింది."

"ఎంత?"

ఆమె పుల్లను మొదటి అక్షరం మీద పెట్టింది, తర్వాత రెండోదాని మీద, తర్వాత మూడోదాని మీద.

"నూట ఇరవై ఆరు."